తడి పిప్పి మండదు: సిక్కోలు నుంచి కాపులుప్పాడ దాకా

మొదటి రోజు: శ్రీకాకుళం

రథసప్తమి మర్నాడు అమ్మ వాకిట్లో కూర్చుని కాఫీ తాగుతుంటే వీధి చివరి ఖాళీ స్థలం నుంచి పొగ వచ్చింది. ఎవరో చెత్తకుప్పకు నిప్పు పెట్టారు. పండగ వెళ్లిన మర్నాడు ఇది మామూలే. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. పొగ తగిలితే రెండు రోజులు దగ్గు వదలదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నిన్న అయిదు పిడకల మీద పరవాన్నం ఉడికించేసేను. అక్కడ బండెడు తగలబడతంది, దాని మీద గుప్పెడు బియ్యమైనా ఉడకవు" అంది.

పాతికేళ్లు ఇంటర్మీడియెట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ఉష్ణం, కాలరీ, గుప్తోష్ణం నా నోట్లో నానిన మాటలు. అయినా అమ్మ అన్నది నాకు ఎప్పుడూ తట్టలేదు. పిడక కూడా ఒకప్పుడు పేడే. దాన్ని పిడకగా చేసి, గోడకు కొట్టి, ఎండబెట్టి, విడిగా దాచుకున్నాం కాబట్టి పాలు పొంగాయి. మరి ఈ బండెడు చెత్తకు ఏం లోటు? అది తెలుసుకోవాలని అప్పటికప్పుడు అనుకున్నాను. మా అన్నయ్య కొడుకు ఆమదాలవలసలో ఉంటాడు. కొన్నేళ్లు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ మీద, తర్వాత వేరే రాష్ట్రంలో చెత్తతో కరెంటు తీసే ప్లాంటులో షిఫ్టులు చేసి వచ్చాడు. ఫోన్ చేస్తే "అయిదు రోజులు ఖాళీయే అత్తా, నేనూ వస్తాను" అన్నాడు.

పదింటికి అరసవల్లి వెళ్లాం. ముందురోజు జనం వెళ్లిపోయాక ఊడ్చిన కుప్పలు దారి పక్కన వరసగా ఉన్నాయి. ఒక కుప్ప దగ్గర వంగి చూశాను. తలమీద పెట్టుకుని స్నానం చేసిన జిల్లేడాకులు, నలిగిన రేగుపళ్లు, పరమాన్నం అంటిన చిక్కుడాకులు, కొబ్బరి చిప్పలు, బంతిపూల దండలు. వాటి మధ్య నీళ్ల ప్యాకెట్లు, కాగితం ప్లేట్లు, టీ గ్లాసులు, చిన్నపిల్లల డైపరు ఒకటి. ఊడుస్తున్నావిడ చీపురు ఆపి నావైపు చూసింది. ఏం వెతుకుతున్నానో చెప్పాను. ఆవిడ ఒక చిక్కుడాకు తీసింది. దాని మడతలో టీ గ్లాసు దూర్చి ఉంది.

"ఆకొకటే అయితే ఎరువైపోద్దమ్మా. గ్లాసొకటే అయితే పాత సామాను కొట్టోడు పట్టుకుపోతాడు. ఆకులో గ్లాసు దూర్చేత్తే రెండూ పోతాయి" అంది.

ఆ గ్లాసు బయటికి లాగడానికి ఆమెకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. పాయసం ఎండి జిగురులా పట్టేసింది.

సాయంత్రం నాగావళి వంతెన మీద నిలబడితే మేనల్లుడు ఇంకో సంగతి ఎత్తాడు. తగలబెట్టకుండా ఊరవతల కుప్ప పోస్తే పీడ పోయిందనుకుంటాం. కుప్ప లోపల గాలి ఆడదు. గాలి ఆడనిచోట తడిచెత్త కుళ్లితే మీథేన్ పుడుతుంది. యార్డుల్లోంచి వచ్చే గ్యాసులో సుమారు సగం అదే. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు ఎక్కువ. ఎండాకాలంలో డంపింగ్ యార్డులు అంటుకుంటే రోజుల తరబడి ఆరకపోవడానికీ కారణం అదే, లోపలి నుంచి గ్యాస్ ఎగదోస్తూ ఉంటుంది. మనం వంటకు డబ్బు పోసి కొనుక్కునే గ్యాసు లాంటిదే అక్కడ ఊరికే గాలిలో కలిసిపోతోంది. అడుగున కారే నల్లటి ఊట వానాకాలంలో భూమిలోకి, బావుల్లోకి దిగుతుంది. వంతెన కింద నది సన్నగా పారుతోంది. నాకు మాట రాలేదు.

రెండో రోజు: పిన్ని వాళ్ల ఊరు

పొందూరు మీదుగా రాజాం వైపు బస్సు. పిన్ని వాళ్ల ఊళ్లో ఈ రోజుల్లో బెల్లం వండుతారు. ఊరు ఇంకా కనబడకముందే వాసన తగిలింది. చిన్నప్పుడు సెలవులకు వస్తే ఆ పొయ్యి చుట్టూనే ఉండేవాళ్లం, వేడి పాకం చెరకు ముక్కకు చుట్టి ఇచ్చేవారు.

మేనల్లుడు నన్ను పాకం దగ్గరికి పోనివ్వలేదు. పొయ్యి వెనక, మంట వేసే చోటికి తీసుకెళ్లాడు. భూమిలోకి తవ్విన గుంటలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన చెరకు పిప్పి గుట్ట. ఆయన పిడికెడు పిప్పి తీసి అరచేతిలో నలుపుతాడు. గరగరమంటే పొయ్యిలోకి తోస్తాడు. మెత్తగా ఉంటే వెనక్కి, ఎండలోకి విసురుతాడు. అర నిమిషానికి ఒకసారి అదే పని. నేను కూడా ఒక పిడికెడు తీసి నలిపి చూపించాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని ఎండలోకి విసిరేశాడు.

"పచ్చిది ఏత్తే ఏటవుద్ది బాబూ?" అని మేనల్లుడు ఆయన యాసలోనే అడిగాడు.

"పొగొత్తాది. పెనం సల్లారిపోద్ది. పాకం పాడైపోద్ది."

ఇంతే సంగతి. పుస్తకం భాషలో చెప్పాలంటే, కిలో నీటిని మామూలు వేడి నుంచి ఆవిరి చేయడానికి సుమారు 600 కిలోకాలరీలు కావాలి. మన ఊళ్ల కలగలుపు చెత్తలో సగం దాకా నీరే. వంద కిలోల చెత్త పొయ్యిలో వేస్తే అందులో యాభై కిలోల నీరు ముందుగా 30,000 కిలోకాలరీలు తినేస్తుంది. మిగిలిన వేడితోనే కరెంటు పుట్టాలి. ఢిల్లీలో తిమార్‌పూర్ దగ్గర 1987లో డెన్మార్క్ యంత్రాలతో ప్లాంటు పెట్టారు. రోజుకు 300 టన్నులు కాల్చాలని లెక్క. మూడు వారాలే నడిచింది. చెత్తలో అనుకున్న వేడిలో సగం కూడా లేదు. యంత్రంలో తప్పేమీ లేదు. యూరప్ చెత్తలో కాగితం, అట్టలు ఎక్కువ. మన చెత్తలో అన్నం, కూర తొక్కలు, కొబ్బరి డొక్కలు, వీధి మట్టి ఎక్కువ. మా పిన్ని ఊరి పెద్దాయన్ని తీసుకెళ్లి ఆ చెత్త నలిపి చూడమని ఉంటే ఎంత డబ్బు మిగిలేదో అనిపించింది.

అదే పిప్పితో సంకిలి చక్కెర ఫ్యాక్టరీలో ఆవిరి పుట్టించి, టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. మన రైసు మిల్లుల్లో ఊకతో బాయిలర్లు నడుస్తాయి. పలాసలో జీడి పిక్కల తొక్క కూడా పొయ్యిల్లోకి పోతుంది. వ్యర్థంతో వేడి పుట్టించడం మన జిల్లాలకు కొత్త కాదు. ఊకలో పెరుగన్నం కలవదు, పిప్పిలో డైపరు కలవదు. ఊరి చెత్తకు ఉన్న తేడా అదొక్కటే.

మధ్యాహ్నం భోజనం అయ్యాక పిన్ని వాళ్ల పంచాయతీ 'చెత్త నుంచి సంపద' షెడ్డు చూశాం. వానపాముల తొట్లు నాలుగు. రెండు నిండుగా, రెండు ఖాళీగా. ఊళ్లో చెత్త సేకరించే గ్రీన్ అంబాసిడర్ కుర్రాడు తొట్టిలో చెయ్యి పెట్టి ఎరువు తీసి చూపించాడు, టీ పొడిలా నల్లగా, పొడిపొడిగా, వాన వాసనతో. ఖాళీ తొట్లు ఎందుకని అడిగితే, "విడిగా ఇచ్చే వీధులు రెండే మేడమ్. మిగతాది వేస్తే పాములు చచ్చిపోతాయి" అన్నాడు.

మూడో రోజు: బొబ్బిలి

బొబ్బిలి అంటే వీణ, కోట గుర్తొస్తాయి. నాకు ఇంకోటి కూడా గుర్తొస్తుంది. ఇరవై ఏళ్ల కిందట తెలుగు నేల మీద చెత్తను సరిగా పట్టించుకున్న చిన్న ఊళ్లు ఏవంటే సూర్యాపేటతో పాటు బొబ్బిలి పేరు చెప్పేవారు. పెద్ద నగరాల వాళ్లు వచ్చి చూసి వెళ్లేవారు.

నా పాత విద్యార్థిని ఇక్కడ ఒక హాస్టల్ నడుపుతోంది. రెండొందల మంది పిల్లలు. వంటింటి వెనక ట్రాక్టర్ ట్యూబు లాంటి నల్లటి సంచి, మనిషి నడుం ఎత్తున ఉబ్బి ఉంది. అందులోకి పొద్దున మిగిలిన ఉప్మా, కూరగాయల తొక్కలు, గంజి పోస్తారు. రెండో వైపు పైపు వంటింట్లోకి పోతుంది. వంటాయన స్టవ్ వెలిగించి చూపించాడు. నీలం మంట, చప్పుడు లేదు. పిల్లల పాలు, సాంబారు దీని మీదే కాగుతాయట.

"నిమ్మ తొక్కలు మాత్రం వెయ్యకూడదు మేడమ్. పులిహోర చేసిన రోజు మర్చిపోయి బకెట్ నిండా పోసేశాం. నాలుగు రోజులు మంట రాలేదు" అన్నాడు. లోపల ఉన్నది ప్రాణం ఉన్న సూక్ష్మజీవులు. పులుపు, తొక్కలోని నూనె వాటికి పడవు. మన కడుపు ఎలాగో అదీ అలాగే. ఆయన దాన్ని పసిపిల్లలా చూసుకుంటున్నాడు. చలి రోజుల్లో గోరువెచ్చని నీళ్లు కలిపి పోస్తాడట.

విడిగా తీసిన టన్ను తడిచెత్త నుంచి 80 నుంచి 100 ఘనపు మీటర్ల బయోగ్యాస్ వస్తుంది. ఇందోర్‌లో ఇదే పనిని నగరమంతటికీ చేస్తున్నారు. 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడిచెత్త తీసుకోగలదు. ఆ గ్యాసును శుద్ధి చేసి బస్సులకు పోస్తున్నారు. అక్కడ యంత్రాలకంటే ముందు ఇల్లిల్లూ తిరిగి చెత్త వేరు చేయించారు. తడిచెత్తను మంటలో వేయకూడదని నాకు ఇక్కడ, ఈ నల్ల సంచి పక్కన గట్టిగా కుదిరింది. పొయ్యిలో వేస్తే వేడిని తినేస్తుంది, సంచిలో వేస్తే వేడిని ఇస్తుంది. మిగిలిన పలచటి గుజ్జు హాస్టల్ వెనక అరటిచెట్లకు పోతోంది. గెలలు చూసి వచ్చాం.

నాలుగో రోజు: విజయనగరం

మా ఇల్లు ఇక్కడే, కోటకు దగ్గర. పొద్దున్నే గంటస్తంభం వైపు ఒక పాత సామాను కొట్టుకు వెళ్లాం. కొట్టాయన ఏవి కొంటాడో, ఏవి వదిలేస్తాడో చూడాలని. అట్టలు, పేపర్లు, ఇనుము, నీళ్ల సీసాలు, పాల ప్యాకెట్లు కొంటాడు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, చిరిగిన చెప్పులు, పాత గుడ్డలు, థర్మోకోల్ ముట్టుకోడు. చిప్స్ ప్యాకెట్ చింపి చూపించాడు. లోపల వెండి రంగు, బయట రంగు కాగితంలాంటిది, మధ్యలో ఇంకో పొర. "వీటిని ఊడదీసే మిషను ఎవరి దగ్గరా లేదమ్మా" అన్నాడు.

ఆయన వదిలేసిన గుట్టే మంటకు పోవాల్సింది. ఎరువు కానిది, గ్యాస్ కానిది, మళ్లీ వస్తువు కానిది. పొడిగా ఉంటే దానిలో వేడి బాగా ఉంటుంది. పాలిథిన్ కిలోకు 10,000 కిలోకాలరీల దగ్గర ఇస్తుంది, మంచి బొగ్గుకంటే ఎక్కువ. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు కూడా అదే చెప్పాయి. మళ్లీ వాడలేని చెత్త కిలోకు 1500 కిలోకాలరీలు, ఆపైన వేడి ఇచ్చేదైతే దాన్ని పూడ్చకూడదు. కరెంటుకో, సిమెంటు బట్టీలకో పంపాలి. అలా ఎండబెట్టి, ముక్కలు చేసి కట్టిన ఇంధనాన్ని ఆర్‌డీఎఫ్ అంటారు.

సాయంత్రం పెద్దచెరువు గట్టు మీద కూర్చుని లెక్క వేశాం. 2011 జనాభా లెక్కల్లోనే విజయనగరం రెండు లక్షలు దాటింది. మనిషికి రోజుకు 400 గ్రాములనుకుంటే 80 టన్నులు. సగానికి పైగా తడి. సామాన్ల కొట్టుకు పోయేది పోగా, మంటకు మిగిలేది ఇరవై టన్నులో, పాతికో. పదేళ్ల కిందట రాష్ట్రంలో పది చోట్ల, మొత్తం 63 మెగావాట్ల చెత్త కరెంటు ప్లాంట్లు అనుకున్నప్పుడు విజయనగరానికి 4 మెగావాట్లు రాశారు. నిలబడినవి విశాఖ, గుంటూరు. ఆ రోజుల్లో పేపరు చూసి మన ఊరికి కూడా వస్తుందని ఎంతో సంతోషపడ్డాను. ఇప్పుడు చెరువు గట్టున కూర్చుని చూస్తే, మన ఊరికి సొంత ప్లాంటు అక్కర్లేదనే అనిపిస్తోంది. పాతిక టన్నుల కోసం పొగ శుద్ధి చేసే యంత్రాలన్నీ పెట్టలేం. పెడితే, దాని కడుపు నింపడానికి తడిచెత్త కూడా తోసేస్తారు. తడి ఇక్కడే గ్యాసుగా, ఎరువుగా మారాలి. కట్టలు కట్టిన పొడిచెత్త ఒక్కటే లారీ ఎక్కాలి. దారి ఎంతో దూరం కాదు, విశాఖ అరవై కిలోమీటర్లు.

అయిదో రోజు: కాపులుప్పాడ

తగరపువలస దాటి భీమిలి వైపు వెళ్లి, అక్కడి నుంచి ఆటో. కొండల మధ్య విశాఖ డంపింగ్ యార్డు. దాని దగ్గరే 15 మెగావాట్ల ప్లాంటు, 2022 నుంచి నడుస్తోంది. మేం లోపలికి వెళ్లలేదు. రోడ్డు పక్కన చెట్టు కింద నిలబడి చెత్త లారీలు కాటా వైపు పోవడం చూస్తుంటే, లోపల ఏం జరుగుతుందో మేనల్లుడు తను పనిచేసిన ప్లాంటును తలుచుకుని చెప్పుకొచ్చాడు.

ముందు లారీ పెద్ద గోతిలో ఒలికిస్తుంది. అక్కడ చెత్త దాదాపు వారం మాగాలి. ఊట అడుగుకు కారిపోతుంది, కుళ్లుతున్న వేడికి పైన కాస్త ఆరుతుంది. పైన క్రేన్ ఆపరేటర్ అద్దాల గదిలో కూర్చుని ఇనుప గోళ్లతో చెత్తను ఎత్తి, వదిలి, ఎత్తి, వదిలి కలుపుతూ ఉంటాడు. "ఆయన కూడా మన బెల్లం పొయ్యి తాతే అత్తా. చేత్తో నలపలేడు, కళ్లతో చూస్తాడు" అన్నాడు. తర్వాత మెట్లుగా కదిలే ఇనుప జల్లెడ మీద చెత్త నెమ్మదిగా దిగుతూ కాలుతుంది. ఆ వేడికి బాయిలర్లో నీరు ఆవిరై టర్బైన్ తిప్పుతుంది. చెత్త బరువులో నాలుగో వంతు దాకా బూడిదగా మిగులుతుంది. పరిమాణంలో అయితే పదో వంతే. కొండంత కుప్ప గుట్టంత అవుతుందన్న మాట.

పొగ గురించి గుచ్చి గుచ్చి అడిగాను. అమ్మ దగ్గు నా చెవుల్లోనే ఉంది. పొగలో డయాక్సిన్లనే విషాలు నాశనం కావాలంటే 850 డిగ్రీలకు పైన కనీసం రెండు సెకన్లు ఉండాలి. తర్వాత సున్నం, బొగ్గుపొడి చల్లి, గుడ్డ సంచుల్లాంటి ఫిల్టర్లలోంచి వడగట్టాలి. "తడిచెత్త వచ్చిన రోజు వేడి 850 మీద నిలబడదు. కంట్రోల్ రూములో అందరికీ టెన్షనే. పక్కన నూనె బర్నర్ వేసి నిలబెట్టాలి. వానాకాలంలో ఎన్ని రాత్రులో" అన్నాడు. అప్పుడు అర్థమైంది, అమ్మ వాళ్ల వీధి చివర ఎగిసే పొగ ఎందుకంత ప్రమాదమో. అక్కడ మూడు, నాలుగు వందల డిగ్రీల దగ్గర రాజుకుంటూ ఉంటుంది. విషాలు పుట్టడానికి సరిగ్గా సరిపోయే వేడి. వడగట్టేది అమ్మ కొంగొక్కటే.

చెట్టు కిందే కొబ్బరిబొండాలు అమ్మే ఆయనతో మాట కలిపాం. ఈ పక్క ఊరివాడే. యార్డు అంటుకున్న రోజులు ఆయనకు గుర్తున్నాయి. "పొగ గొట్టంలో ఏముందో రోజూ ఇక్కడ బోర్డు మీద రాస్తే మాకూ ధైర్యంగా ఉంటాది" అన్నాడు. ఎంత సరైన మాట! చెత్త మనది, వాళ్ల ఇళ్ల పక్కకు వస్తోంది. ఆ మాత్రం అడిగే హక్కు వాళ్లకుంది, మన చెత్త లారీ ఎక్కే రోజున మనం కూడా వాళ్లతో కలిసి అడగాలి.

బొండం తాగాక మేనల్లుడు ఖాళీ డొక్కను చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. వాళ్ల ప్లాంటులో బూడిద తీసే చోట ఒకసారి ఇలాంటిదే దొరికిందట. ఆ మంటంతా దాటి వచ్చింది, పైన నల్లగా మాడి. పారతో కొడితే చీలింది. లోపల ఇంకా తడిగా, తెల్లగా ఉందట.

15 మెగావాట్ల ప్లాంటు నిండుగా నడిస్తే గంటకు 15,000 యూనిట్లు. అందులో కొంత ప్లాంటుకే పోతుంది. సోలార్ కరెంటు కంటే దీని యూనిట్ ఖరీదు ఎక్కువే. కరెంటు కోసం మాత్రమే ఇది చేయనక్కర్లేదు. రోజుకు వెయ్యి టన్నుల దాకా చెత్త కొండ ఎక్కకుండా ఆగుతోంది, నాకు అది చాలు.

ఇంటికి వచ్చాక

మర్నాడు పొద్దున్న చెత్త బండి వచ్చింది. తడి ఒక బకెట్, పొడి ఒకటి, మందులు, డైపర్లు పేపర్లో చుట్టి మూడోది. బండి అమ్మాయి నా బకెట్లు చూసి ఆగింది. బండిలో రెండు అరలు ఉన్నాయి, అయితే మా ముందు ఇళ్లవి అప్పటికే కలిసిపోయి ఉన్నాయి. ఆమె నా తడిచెత్తను విడిగా ఒక సంచిలో కట్టి బండి పక్కకు తగిలించింది. "మీదొక్కటే మేడమ్ ఇలాగ" అంది.

ఆ సాయంత్రం పక్కింటి పిన్నిగారింటికి వెళ్లాను. అమ్మ మాట చెప్పాను, అయిదు పిడకల సంగతి. ఆవిడకు వెంటనే తలకెక్కింది. ఆవిడే ఎదురింటి కోడలికి చెప్పింది. నిన్నటికి నాలుగు ఇళ్లయ్యాయి. సంచి బరువుగా ఉందని బండి అమ్మాయి ఒక పాత డ్రమ్ము తెచ్చి కట్టుకుంది. వీధిలో ఇంకా పదహారు ఇళ్లున్నాయి. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు, అప్పుడు వెళ్తాను.